సవుబోన: జులూ పద్ధతిలో మనిషిని పలకరించడం ఎలా

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కి ఉద్యోగం మీద వచ్చే తెలుగువాళ్ళు ఇల్లు, స్కూలు, కారు గురించి అడిగాక తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇక్కడి వాళ్ళని ఎలా పలకరించాలండీ?" ఈ మధ్య ఇండియా నుంచి కూడా అదే అడుగుతున్నారు. వాట్సాప్‌లో తిరిగే ఒక మెసేజ్ చూసి, "ఆఫ్రికాలో ఒకరు 'నిన్ను చూస్తున్నాను' అంటారట, రెండోవాళ్ళు 'అయితే నేను ఉన్నాను' అంటారట, నిజమేనా?" అని.

సగం నిజం. ఆ సగం ఏమిటో, మీరు డర్బన్ ఉన్న క్వాజులు నేటాల్ రాష్ట్రంలో ఒక మనిషి ఎదుట నిలబడినప్పుడు దాన్ని ఎలా ఆచరణలో పెట్టాలో వరసగా రాస్తున్నాను. దక్షిణాఫ్రికాలో 2022 జనాభా లెక్కల ప్రకారం ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరి ఇంటి భాష జులూ. కాబట్టి మీరు జొహానెస్‌బర్గ్‌లో ఉన్నా ఇది పనికొస్తుంది.

మొదట నాకు జరిగింది చెప్తాను. వచ్చిన కొత్తలో ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ఫారం ముందుకు తోసి, "ఇది ఎక్కడ ఇవ్వాలి?" అని అడిగాను. అక్కడున్న ఆవిడ పెన్ను కింద పెట్టింది. ఫారం వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. "సవుబోన, భూతి" అంది. భూతి అంటే అన్నయ్య. అని ఆగింది. నేను మళ్ళీ ఫారం చూపించాను. ఆవిడ కోప్పడలేదు, కదల్లేదు, అలాగే ఎదురుచూసింది. నాకు అర్థమయ్యేసరికి నా వెనక క్యూలో ఉన్న పెద్దాయన మెల్లగా "యేబో అనండి" అని అందించాడు. అన్నాను. అప్పుడు ఆవిడ ఫారం అందుకుంది. పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

ముందుగా ఏమేం కావాలి

మాటలు చాలా తక్కువ. ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

- సవుబోన: ఒక్కరిని పలకరించడానికి. పొద్దున, సాయంత్రం తేడా లేదు.
- సనిబొనాని: ఇద్దరు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే.
- యేబో: అవును. పలకరింపుకి జవాబు కూడా ఇదే.
- ఉంజాని? నింజాని?: ఎలా ఉన్నావు? ఎలా ఉన్నారు?
- న్గియఫీల, సియఫీల: బాగున్నాను, బాగున్నాం.
- న్గియబోంగ: కృతజ్ఞతలు.
- సాల కాహ్లె, హాంబ కాహ్లె: సెలవు తీసుకునేటప్పుడు. ఏది ఎవరు అనాలో 8వ మెట్టులో ఉంది, అక్కడ జాగ్రత్తగా చదవండి.

వరస పిలుపులు కూడా కావాలి. నాన్న వయసువాళ్ళు బాబా, అమ్మ వయసువాళ్ళు మామా, అమ్మమ్మ వయసువాళ్ళు గోగో, తాతగారి వయసువాళ్ళు మ్ఖూలు, మీ ఈడువాళ్ళు భూతి లేదా సీసి. మన పిల్లలకి ఇక్కడొక చిక్కు వస్తుంది: మామా అంటే అమ్మ. మేనమామని పిలవాలంటే మలూమె అనాలి. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకపోవడం మనకి కొత్త కాదు కాబట్టి మిగతాదంతా తేలిగ్గానే వస్తుంది.

వీటితో పాటు ఖాళీ చేతులు, ఒకటి రెండు నిమిషాల తీరిక కావాలి. ఫోన్ జేబులో పెట్టండి. నల్ల కళ్ళద్దాలు తీసేయండి.

పలకడం: పది నిమిషాల సాధన

సవుబోనలో మొదటి అక్షరం కురచగా పలకాలి. "సా" అని సాగదీస్తే మన చెవికి "సావు" అని వినబడి ఇంట్లో పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. సాగదీయాల్సింది చివరి నుంచి రెండో అక్షరాన్ని: సవుబోఓన, న్గియఫీఇల. జులూ మాటల్లో ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం యాస వచ్చేసినట్టే.

న్గియఫీలలో "ఫ" అసలైన తెలుగు ఫ. ఫలం, ఫణి అని పాతకాలం మాస్టారు పలికించినట్టు, ప కింద గాలి వదిలి పలకాలి. ఇప్పుడు మనందరం ఫోన్, ఫ్యాన్ అలవాటులో పెదవి మీద పళ్ళు ఆనించి పలుకుతున్నాం. ఇక్కడ అలా పలకకండి. జులూలో "ఫీల" అంటే బతికి ఉండడం, ఆరోగ్యంగా ఉండడం. పెదవి మీద పళ్ళు ఆనించి పలికే "ఫా" అనే ఇంకో క్రియ ఉంది, దాని అర్థం చనిపోవడం.

పరీక్ష ఇలా చేసుకోండి: మూతి ముందు పల్చని కాగితం పట్టుకుని "ఫీల" అనండి. పెదవులు పూర్తిగా మూసుకుని విడిపోవాలి, కాగితం ఒక్కసారిగా ఎగరాలి. పెదవులు మూసుకోకుండా గాలి సన్నగా జారితే మళ్ళీ చేయండి.

కాహ్లెలో ఉన్న "హ్ల" మనకి లేదు. నాలుకని ల కోసం పెట్టినట్టే పెట్టి, గొంతు కదలకుండా పక్కల నుంచి గాలి ఊదండి. గొంతు మీద వేలు పెట్టుకుంటే అదురు తెలియకూడదు. రాకపోతే కంగారుపడకండి, "కాహ్లె" అని మనకి వచ్చినట్టు అన్నా అర్థమవుతుంది. జులూ భాషకి పేరు తెచ్చిన నాలుక చప్పుళ్ళు ఉన్నాయి కదా, అవేవీ ఈ పలకరింపుల్లో లేవు.

1. ఆగండి

నడుస్తూ, తల తిప్పి, ఒక మాట విసిరి వెళ్ళిపోతే సగం పలకరింపు. గేటు దగ్గర సెక్యూరిటీ, లిఫ్టులో తుడిచే ఆవిడ, దుకాణంలో అమ్మాయి, ఎవరైనా సరే, పాదాలు నిలిపి మనిషి వైపు తిరగండి. మీరు లోపలికి వస్తే ముందు పలకరించాల్సింది మీరే. పెద్దవాళ్ళు ఇంకొకరితో మాట్లాడుతుంటే మధ్యలో దూరకుండా వాళ్ళు మీ వైపు తిరిగేదాకా ఆగండి.

నిజంగా తొందరగా ఉంటే? దూరం నుంచే చెయ్యెత్తి "సవుబోన, బాబా" అని, తల వంచి సాగిపోవచ్చు. చూడనట్టు పోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

2. ఎవరు, ఎంతమంది అని చూసుకోండి

ఒక్కరుంటే సవుబోన, ఎక్కువమంది ఉంటే సనిబొనాని. గదిలో ఒకరు మీకు తెలుసు, ఇద్దరు తెలియదు అనుకోండి. తెలిసినవారికి మాత్రమే సవుబోన చెప్తే మిగతా ఇద్దరినీ లేనట్టు చేసినట్టే. సనిబొనాని అని ముగ్గురినీ చూడండి.

పెద్దవారు ఒక్కరే ఉన్నా బహువచనం వాడితే తప్పు లేదు. మనం ఒక్కరినే "మీరు" అన్నట్టు, అది గౌరవంగానూ, ఇంట్లోవాళ్ళందరినీ కలుపుకున్నట్టుగానూ ఉంటుంది.

3. "సవుబోన" అనండి, అర్థం తెలిసి

సిద్ధాంతం ఇక్కడ ఒక్కచోటే చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకపోతే మిగతాదంతా బట్టీ అవుతుంది.

జులూలో "బోన" అంటే చూడడం, "కు" అంటే నిన్ను, "సి" అంటే మేము. సియకుబోన: మేము నిన్ను చూస్తున్నాం. నోళ్ళలో నలిగి నలిగి సవుబోన అయింది. సనిబొనానిలో మధ్యనున్న "ని" అంటే మిమ్మల్ని.

ఒక్కరే నిలబడి పలకరిస్తున్నా "మేము" అంటారు. ఎందుకు? జులూ పెద్దల్లో చాలామంది చెప్పే అర్థం ఇది: నా కళ్ళతో నేనొక్కణ్ణే చూడడం లేదు, నా ఇల్లు చూస్తోంది, నా వెనకున్న పూర్వీకులు చూస్తున్నారు. పూర్వీకుల్ని అమడ్లోజి అంటారు. పోయినవాళ్ళు ఇంటిని విడిచి వెళ్ళరనీ, కనిపెట్టుకుని ఉంటారనీ నమ్మకం. పాత పద్ధతి గుండ్రటి ఇంట్లో తలుపుకి ఎదురుగా, వెనక గోడ దగ్గర ఉమ్సామో అనే చోటు వాళ్ళది. అక్కడ ఊరికే వెళ్ళి కూర్చోరు.

అలాగని రోజూ సూపర్‌మార్కెట్‌లో సవుబోన అనే ప్రతి మనిషీ పితృదేవతల్ని తలుచుకుంటున్నాడని అనుకోకండి. మనం నమస్కారం పెట్టిన ప్రతిసారీ నీలోని దేవుడికి మొక్కుతున్నానని అనుకుంటామా? అర్థం మాటలో ఉంటుంది, అలవాటుగా నోట్లోంచి వస్తుంది, ఏదో ఒక రోజు గట్టిగా తగులుతుంది.

తగలడం మనకి కష్టం కాదు. "ఎదురుపడ్డా చూడనట్టు పోయాడు" అని మన ఇళ్ళలో ఎన్ని ఏళ్ళు గుర్తుపెట్టుకుంటారు! పెళ్ళిలో అన్నీ జరిగినా, "నన్ను పలకరించిన నాథుడు లేడు" అన్న ఒక్క మాట మీద రాకపోకలు ఆగిపోయిన ఇళ్ళు మీకూ తెలుసు, నాకూ తెలుసు. చూడకపోవడం అంత నొప్పి అయితే, ఎదుటపడి "చూస్తున్నాం" అని నోరారా చెప్పడం ఎంతటిదో ఆలోచించండి. ఈ దేశంలో తరాల తరబడి నల్లవాళ్ళని మనుషులుగా చూడని చట్టాలే ఉండేవి. ఆ నేల మీద ఈ మాట అంటున్నారని గుర్తుంచుకోండి.

4. "యేబో" కోసం ఎదురుచూడండి

సవుబోనకి జవాబు యేబో. "యేబో, సవుబోన" అని తిరిగి అనొచ్చు. అంటే, అవును, మేమూ నిన్ను చూస్తున్నాం.

మెసేజ్‌లో తిరిగే తప్పు ఇక్కడే ఉంది. సవుబోన అంటే ఎదుటివారు "న్గిఖోన", అంటే "నేను ఉన్నాను" అని జవాబిస్తారనీ, నువ్వు చూసేదాకా నేను లేనని దాని భావమనీ రాస్తారు. న్గిఖోన నిజమైన మాటే, ఇక్కడ ఉన్నాను అనే అర్థమూ నిజమే. కానీ అది వచ్చేది తర్వాతి ప్రశ్నకి, "ఎలా ఉన్నావు?" అన్నదానికి. "ఏదో, ఉన్నాను" అని మనం అన్నట్టు. ఇంకో మెసేజ్‌లో "షికోబా" అనో "షిబోకా" అనో జవాబు రాస్తారు. జులూవాళ్ళు అలా జవాబివ్వరు. దయచేసి అది ఎవరి ముందూ అనకండి, ఫార్వర్డ్ చేయకండి. మన భాష పేరుతో లేని మాటని ఎవరైనా ప్రపంచమంతా పంచితే మనకెలా ఉంటుంది?

5. "ఉంజాని?" అని అడిగి, జవాబు వినండి

యేబో అన్న తర్వాత ఒక ఊపిరి ఆగి "ఉంజాని?" అనండి. పెద్దవాళ్ళయితే "నింజాని?"

జవాబు "న్గియఫీల" అని రావచ్చు. చాలాసార్లు మీరు ఒక్కరినే అడిగినా "సియఫీల", బాగున్నాం అంటారు. ఇంట్లోవాళ్ళు బాగుంటేనే నేను బాగున్నట్టు. జులూలో ఆరోగ్యానికీ జీవితానికీ ఒకటే మాట, ఇంపీలో. కాబట్టి సియఫీల అంటే బాగున్నామనీ, బతికున్నామనీ రెండూ. నాలుగిళ్ళ అవతల ఉండే గోగో ఒకావిడ ఈ మాట అనేటప్పుడు ఎప్పుడూ ఒక చెయ్యి గేటు ఊచ మీద వేసి, ఇంటి వైపు ఒకసారి చూసి, అప్పుడు "సియఫీల" అంటుంది. లోపల ఎవరెవరున్నారో లెక్కపెట్టుకున్నట్టు ఉంటుంది.

మిమ్మల్ని తిరిగి అడుగుతారు. "నామి న్గియఫీల", నేనూ బాగున్నాను, అని చెప్పండి. అడగకపోయినా "న్గియబోంగ" చేర్చండి.

హెచ్చరిక: జవాబు వినకుండా అసలు పనిలోకి దూకొద్దు. ఒకవేళ ఎదుటివారు బాగోలేదని చెప్తే, ఇంట్లో జబ్బు అనో, పని పోయిందనో అంటే, అక్కడే ఆగి ఇంగ్లీషులో అయినా సరే రెండు మాటలు అడగండి. అడిగాక వినే ఓపిక లేకపోతే అసలు అడగకపోవడమే మంచిది.

6. చెయ్యి, కళ్ళు

కరచాలనం మూడు పట్టులుగా ఉంటుంది: మామూలుగా అరచెయ్యి, తర్వాత బొటనవేళ్ళు చుట్టి పట్టు, మళ్ళీ అరచెయ్యి. మొదలుపెట్టేది వాళ్ళయితే వాళ్ళని అనుసరించండి. గట్టిగా నొక్కొద్దు. పెద్దవాళ్ళకి చెయ్యిచ్చేటప్పుడు ఎడమచేత్తో మీ కుడి ముంజేతిని తాకుతూ ఇవ్వండి. ఏదైనా అందుకునేటప్పుడు కూడా అంతే, లేదా రెండు చేతులూ పట్టండి. ఒంటి ఎడమచేత్తో ఇవ్వకూడదని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కళ్ళలోకి గుచ్చి చూడరు, చూపు దించుతారు. ఇది భయం అనుకుని "నా వైపు చూసి మాట్లాడు" అని ఇంట్లో పనిచేసే అమ్మాయిని గద్దించినవాళ్ళని చూశాను. చాలా తప్పు. అలా చూపు దించడాన్ని హ్లోనీఫ అంటారు, గౌరవం చూపడం. పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళ నెత్తిన నిలబడి మాట్లాడకుండా మీరూ కూర్చోండి.

చేతులు కలపడం మీకు ఇష్టం లేకపోతే నమస్కారం పెట్టండి. డర్బన్‌లో అది అందరికీ తెలుసు.

7. ఇంటిపేరు అడగండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. పరిచయం కాస్త కుదిరాక, మొదటిరోజు కాకపోయినా రెండో మూడో సారి, ఇలా అడగండి: "న్గుబాని ఇసిబోంగో సాఖో?" మీ ఇంటిపేరేమిటి అని. మనలాగే వాళ్ళకీ ఇంటిపేరంటే వంశం.

ప్రతి ఇంటిపేరుకీ కొన్ని పొగడ్త పేర్లుంటాయి, వాటిని ఇజిథకజేలో అంటారు. అవి ఆ వంశపు పూర్వీకుల పేర్లు, వాళ్ళు చేసిన పనుల గుర్తులు. ఖుమాలో ఇంటివారిని మ్న్‌టుంగ్వ అని, న్డ్లోవు ఇంటివారిని గాట్షేని అని, మ్ఖీజె ఇంటివారిని ఖబజేల అని పిలుస్తారు. బుథెలేజి నాయకుణ్ణి అందరూ షేంగె అన్నదీ, మాజీ అధ్యక్షుడు జుమాని మ్షొలోజి అనేదీ ఇందుకే. మండేలాగారు జులూ కాదు, ఖోసా, కానీ పద్ధతి అదే: మదీబా అనేది ముద్దుపేరు కాదు, ఆయన వంశంలో ముందు తరాల పెద్ద పేరు.

అలా పిలిస్తే ఏమవుతుంది? ఒక్క మనిషిని పలకరించడం ఆగి, ఆయన వెనక నిలబడ్డ వరసనంతా పలకరించినట్టవుతుంది. మన పెళ్ళిపీటల మీద ప్రవర చెప్పినప్పుడు ఋషుల పేర్లు, ముత్తాత, తాత, తండ్రి పేర్లు వినబడగానే కూర్చున్నవాళ్ళు తెలియకుండానే వెన్ను నిటారు చేస్తారు చూడండి, అదే. ఒకే గోత్రంలో మనం పెళ్ళి చేసుకోనట్టు వాళ్ళు ఒకే ఇంటిపేరులో చేసుకోరు. అది చెప్తే చాలు, ఏ జులూ బాబాతోనైనా అరగంట మాట్లాడొచ్చు.

చేయాల్సింది: ఇంటిపేరు విన్నాక, "మీ ఇంటివాళ్ళని ఏ పేరుతో గౌరవిస్తారు?" అని ఆయన్నే అడగండి. ఆయన చెప్పిన ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి. మర్నాడు "సవుబోన, మ్న్‌టుంగ్వ" అని చూడండి.

చేయకూడనిది: నెట్‌లో దొరికిన పొడుగాటి వరస బట్టీ పట్టి అప్పజెప్పడం. ఒక ఇంటివాళ్ళది ఇంకొకరికి అంటగడితే అది చిన్న తప్పు కాదు. అనుమానంగా ఉంటే బాబా, మామా చాలు.

8. సెలవు తీసుకోవడం

వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళతో "సాల కాహ్లె" అంటారు: క్షేమంగా ఉండండి. ఉండేవాళ్ళు వెళ్ళేవాళ్ళతో "హాంబ కాహ్లె" అంటారు: క్షేమంగా వెళ్ళండి. ఎక్కువమందితో అయితే సలాని కాహ్లె, హంబాని కాహ్లె. ఇద్దరూ వెళ్ళిపోతుంటే ఇద్దరూ హాంబ కాహ్లె అనుకోవచ్చు. రాత్రి పడుకోబోయే ముందు లాల కాహ్లె.

తెలుగువాళ్ళు ఇక్కడ తప్పకుండా తడబడతారు, దానికి కారణం ఉంది. మనం వెళ్తూ "ఉంటానండీ" అంటాం, మన గురించి మనమే చెప్పుకుంటాం. జులూలో రెండు మాటలూ ఎదుటివారి గురించే. కాబట్టి నోరు తెరిచే ముందు ఒక్కటే ప్రశ్న వేసుకోండి: వాళ్ళు కదులుతున్నారా, నిలిచి ఉన్నారా? కదిలేవారికి హాంబ, నిలిచేవారికి సాల.

పల్లెలో ఇంటికి వెళ్తే

ఎషోవె, నోంగోమా, ఉలుందీ వైపు ఊళ్ళకి పెళ్ళికో పనికో వెళ్తే, నేరుగా తలుపు దాకా నడిచిపోవద్దు. గేటు దగ్గర ఆగి "ఎకుహ్లేని!" అని గొంతెత్తి పిలవండి. ఇంటి యజమాని వంశపు పేరు తెలిస్తే దాన్నీ కలపండి. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా అక్కడే ఉండండి. ఐదు నిమిషాలు పట్టినా సరే. ఆ ఆగడం మీరు చొరబడడానికి రాలేదని ఇంటివాళ్ళకీ, వాళ్ళ పెద్దలకీ చెప్పడం. గుండ్రటి ఇంట్లోకి వెళ్తే ఎక్కడ కూర్చోవాలో అడగండి. సాధారణంగా లోపలికి అడుగుపెట్టగానే మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు.

చావు జరిగిన ఇల్లయితే ఉంజాని అనొద్దు. మనం కూడా అలాంటి చోట బాగున్నారా అనం, వెళ్ళొస్తాం అనం. అక్కడ అనేది "అకుహ్లాంగ లుంగెహ్లాంగ". ఇంతకు ముందెవరికీ రానిదేమీ రాలేదు అని అర్థం. పలకలేకపోతే ఊరికే చేతులు పట్టుకుని కూర్చోండి.

జులూ రాజు విషయం వేరు. "బయేడె!" అనేది రాజవందనం. సరదాకి బాస్‌ని చూసి, స్నేహితుణ్ణి చూసి అనకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అందరూ జులూవాళ్ళే అనుకోవడం. డర్బన్‌లో ఖోసా, సోథో వాళ్ళు, ఇతర దేశాల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఖోసా అయితే మోలో, సోథో అయితే డుమేలా. తెలియకపోతే సవుబోన అని, "మీ భాషలో ఎలా అంటారు?" అని అడగండి. నొచ్చుకున్నవాళ్ళని నేను చూడలేదు.

"ఫానగలో" అనే విరిచి మాట్లాడే జులూ వాడడం. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా అలా వచ్చిన లక్షన్నర మందిలో విశాఖపట్నం, గంజాం వైపు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వారసులు ఇక్కడే పుట్టి పెరిగారు, 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, జులూ బాగా వచ్చినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఉచ్చారణ కోసం వాళ్ళని అడగండి. కానీ పాత దుకాణాల్లో, తోటల్లో, గనుల్లో వాడిన ఈ "ఫానగలో" కూడా కొందరి నోట ఇంకా ఉంది. అది యజమాని పనివాడికి హుకుం ఇవ్వడానికి ఎక్కువగా వాడిన భాష, తే, పో, చెయ్యి అన్న తీరులోనే ఉంటుంది. తప్పుల జులూ అయినా మాట్లాడండి, అది మాత్రం వద్దు.

యాభై ఏళ్ళ మనిషిని "బాయ్" అనడం, ఇంట్లో పనిచేసే ఆవిడని "గర్ల్" అనడం. ఎవరి దగ్గర విని నేర్చుకున్నా ఈరోజే మానేయండి. బాబా, మామా అనండి. మీ పిల్లల చేత కూడా అనిపించండి.

కుర్రకారు వాడే హెయ్‌టా, షార్ప్ లాంటివి పెద్దవాళ్ళ దగ్గర వాడడం. మీ ఈడు కొలీగ్స్‌తో అయితే ఫరవాలేదు.

ఇంకొకటి, ఉబుంటు, అంటే మనిషితనం, గురించి ఉపన్యాసం మొదలుపెట్టడం. "ఉముంటు న్గుముంటు న్గబాంటు", మనిషి మనుషుల వల్లే మనిషి, అనే సామెత గొప్పదే. కానీ పొద్దున్నే డ్యూటీ దిగి అలసిపోయిన సెక్యూరిటీ బాబాకి ఆయన సామెత మీరు చెప్పక్కర్లేదు. ఉంజాని అని అడిగి వినండి, చాలు.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది

మొదటి గుర్తు వేగం. మీరు పలకరించాక ఎదుటివారి చేతిలో పని ఒక్క క్షణం ఆగిందా? ఆగితే అందినట్టే. "యేబో" అని నేల చూస్తూ పని చేసుకుంటుంటే, మీరు ఆగకుండా అన్నారేమో చూసుకోండి.

రెండోది, వాళ్ళు మిమ్మల్ని సరిదిద్దడం. "ఫీల కాదు, ఫీఇల" అని నవ్వుతూ మళ్ళీ అనిపిస్తే సంతోషించండి, మీరు నేర్చుకోదలిచారని నమ్మారు. అప్పటికప్పుడు మూడుసార్లు అనండి.

మూడోది, జవాబు మారడం. మొదట్లో న్గియఫీల అన్నవారు కొన్నాళ్ళకి సియఫీల అంటూ ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పడం మొదలుపెడతారు. మీరూ అలాగే చెప్పండి. ఇండియాలో అమ్మ ఎలా ఉందో, పిల్లవాడి పరీక్షలు ఏమయ్యాయో.

నెలరోజులు చేసి చూడండి. ఒకరోజు మీరు ఫోన్ చూసుకుంటూ వెళ్తుంటే, రోడ్డుకి అవతల నుంచి ఎవరో మిమ్మల్ని వరస పెట్టి పిలిచి, "ఉంజాని ఉమామా?" అంటారు. అమ్మ ఎలా ఉంది అని. ఫోన్ జేబులో పెట్టి, రోడ్డు దాటి వెళ్ళి జవాబు చెప్పండి. వాళ్ళ ఇంటిపేరు ఇంకా అడగలేదనుకుంటే ఆరోజు అడగండి.